టెంఘర్ ఇంటికి పెట్టిన బొట్టు

మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు భివండిలో పద్మశాలీల ఇంట్లో పెండ్లి కుదిరితే పంతులు కన్నా ముందు సత్తెమ్మకు కబురందేది. శాంతి నగర్‌లోనైనా, పద్మానగర్‌లోనైనా, కులపువాళ్ల గడప ఏ సందులో ఉన్నా ఆమె కాళ్లకు తెలుసు. కుంకుమ భరిణె పట్టుకొని ఇంటింటికీ పోవాలి. ఆ ఇంటి ముత్తైదువ నుదుట బొట్టు పెట్టి, "ఫలానా వాళ్లింట్ల లగ్గం, ఇంటిల్లిపాది రావాలె" అని చెప్పాలి. బంగారు అక్షరాల కార్డు వచ్చినా సరే, సత్తెమ్మ బొట్టు పెట్టకపోతే పిలుపు అందనట్టే. కార్డు ఒక్కటే చూసి పెండ్లికి పోయినవాణ్ణి, "పేపరు చదివి వచ్చినవా బావా?" అని బంతిలో కూర్చున్నంతసేపూ ఏడిపించేవాళ్లు.

ఆమెకు చదువు రాదు. ఊరంతా ఆమె చెవుల్లో ఉండేది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. బయటి నుంచి వచ్చినవాళ్లకు సాంచాల చప్పుడంతా ఒకటే వాన. సత్తెమ్మకు ఒక్కో కార్ఖానాది ఒక్కో వాన. ఒకచోట రేకుల మీద పడినట్టు, ఒకచోట చెరువు మీద పడినట్టు, ఇంకోచోట ఎవరో బుట్టలో గవ్వలు పోసి ఊపుతున్నట్టు. వాన మారినచోట ఆమె మలుపు తిరిగేది. ఎనిమిదేండ్లలో ఒక్క గడప కూడా తప్పిపోలేదు.

ఆ భరిణె మొదట ఆమెది కాదు. అంతకుముందు పిలుపులు చెప్పింది ఐలవ్వ. కరీంనగర్ వైపు నుంచి కొత్త కోడలిగా వచ్చిన సత్తెమ్మకు నీళ్ల పంపు దగ్గర వరుస ఇప్పించిందీ, రేషన్ దుకాణం చూపించిందీ, హిందీలో తిట్టడం నేర్పిందీ ఐలవ్వే. ఆమె భర్త నాగయ్య పోయాక, కర్మలన్నీ ముగిశాక, సత్తెమ్మను పిలిచి భరిణె చేతిలో పెట్టింది.

"ఇగ నా చెయ్యి నుదుటి మీదికి లేవదు చెల్లే. నీ చెయ్యి లేపు" అంది.

భర్త పోయిన మనిషి బొట్టు పెట్టకూడదు, పెట్టించుకోకూడదు. అప్పటి నుంచి ఐలవ్వ ఇంటికి పిలుపు చెప్పాల్సి వస్తే సత్తెమ్మ దర్వాజాకు బొట్టు పెట్టేది. ఐలవ్వ లోపల నిలబడి చెక్క మీది ఎర్రటి చుక్కను చూసి, "నా కన్న ఈ దర్వాజ నయం. దీని మొగడు బతికున్నడు" అని నవ్వేది.

రెండువేల మూడు ఎండాకాలంలో దత్తాత్రి సేఠ్ కూతురు నీలిమ పెండ్లి వచ్చింది. ఇరవైనాలుగు సాంచాల ఆసామి. ఆయన భార్య లక్ష్మీదేవి సత్తెమ్మను పిలిపించి, చాప మీద కూర్చోబెట్టి, పెండ్లికొచ్చేవాళ్లకు పెట్టే రవికగుడ్డలు మడతపెడుతూ పేర్లు చెప్పసాగింది. సత్తెమ్మ ఒక్కో పేరుకు "ఆఁ" అంటూ మనసులో ఒక్కో తలుపు తడుతోంది. చివరి పేరు కూడా అయిపోయింది. ఒక తలుపు తట్టకుండా మిగిలింది.

"వదినే, ఐలవ్వక్క ఇల్లు?"

లక్ష్మీదేవి వేసిన మడత విప్పి మళ్లీ వేసింది. "వాళ్లు టెంఘర్ పోయిన్రు గదా."

"టెంఘర్ల మనోళ్లవి ఇంకో నాలుగిండ్లున్నయి. అటు పోతనే ఉన్న."

"అయితే?"

"చెప్పాల్నా, వద్దా?"

"గది నన్నడుగుతవేంది సత్తెమ్మా? నీకు తెల్వదా?"

నిజానికి సత్తెమ్మకు తెలియదు. ఏడు నెలల కింద ఐలవ్వ కొడుకు పంకజ్ ఠాణేలో రిజిస్టర్ ఆఫీసుకు పోయి ఒక మరాఠీ పిల్లను చేసుకున్నాడు. పిల్ల పేరు ప్రగతి. అంతవరకే అందరికీ తెలుసు. మరాఠీల్లో ఏ మరాఠీ అంటే ఎవరి మాట వాళ్లది. వాళ్ల నాన్న అద్దకం కార్ఖానాలో పని చేస్తాడని ఒకరు, కాదు భివండి రోడ్ స్టేషన్ బయట చెప్పులు కుడతాడని ఒకరు, చేపలమ్మేవాళ్లని ఇంకొకరు. వెనకటి ఊళ్లో అయితే కులం కూర్చునేది. తప్పు కట్టించుకొని కలుపుకునేది, లేదా వెలివేసేది. ఏదో ఒకటి తేలేది. ఇక్కడ ఎవరూ కూర్చోలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఐలవ్వ ఇంటి ముందు నడిచేవాళ్ల అడుగులు మాత్రం కాస్త తొందరగా పడసాగాయి. ఒకరోజు సామాను టెంపో ఎక్కింది. ఆ ఏడు నెలల్లో సత్తెమ్మ కూడా ఐలవ్వను చూడడానికి ఒక్కసారీ పోలేదు. పోవద్దని ఆమెతో ఎవరూ అనలేదు. పోకుండా ఎందుకున్నానో ఆమెకే అంతుపట్టలేదు. నీళ్లు ఎటు వాలు ఉంటే అటు పోయినట్టు రోజులు పోయాయి.

ఇప్పుడు ఈ పెండ్లి. పంకజ్ పెండ్లి తర్వాత కులంలో జరుగుతున్న మొదటి పెద్ద పెండ్లి ఇదే. దీనికి బొట్టు అందకపోతే ఐలవ్వ గడప కులంలో లేనట్టే. ఆ తీర్పు చెప్పింది సత్తెమ్మ చెయ్యే అవుతుంది. అడగకుండా పెట్టి వస్తే, రేపటి నుంచి ఆ చేతిని ఎవరూ పిలవరు. పిలుపులు చెప్పే ఇంటికే పిలుపు రాకుండా పోవచ్చు.

చిక్కు అంతటితో ఆగలేదు. ఐలవ్వ ఒక్కతే ఉన్నన్నాళ్లు దర్వాజాకు పెట్టి బయటపడేది. ఇప్పుడు ఆ ఇంట్లో ముత్తైదువ ఉంది. ముత్తైదువను ఉంచుకొని చెక్కకు బొట్టు పెడితే ఆమె మొగుణ్ణి చంపినట్టే. అంటే పెట్టాల్సింది ఆ పిల్ల నుదుటే.

మర్నాడు కులసంఘం హాలుకు పోయింది. పెద్దమనిషి పర్శరాములు పెండ్లికి ఇవ్వాల్సిన వంటపాత్రలు దించి, బొక్కలున్నాయేమోనని ఒక్కో బగోనాలో తల పెట్టి వెలుతురుకేసి చూస్తున్నాడు.

"పెద్దబాపూ, ఐలవ్వక్క ఇంటి సంగతి సంఘం ఏమన్నది?"

"ఏమనలే." మాట బగోనాలోంచి పెద్దదై వచ్చింది.

"అంటే చెప్పొచ్చా?"

"ఏమనకుంటే చెప్పుమన్నట్టా?"

"మరి వద్దన్నట్టా?"

పర్శరాములు తల బయటికి తీశాడు. "వద్దని ఎన్నడన్నది సంఘం? పెండ్లి దత్తాత్రిది. ఆయన పిలిస్తే పిలిచినట్టు."

"లక్ష్మీదేవి వదినె నాకే తెల్సంటున్నది."

"ఆఁ, గంతే మరి. నీకు తెల్వని ఇల్లెక్కడుంది?" అని మళ్లీ తల లోపల పెట్టాడు.

భర్త గాలయ్య రాత్రి పాళీ దిగి పొద్దున ఇంటికొచ్చాడు. కనుబొమ్మలకూ చెవులకూ దూది అంటుకొని ముసలివాడిలా వచ్చేవాడు రోజూ. మొహం కడుక్కొని నలభై ఏండ్లవాడయ్యేవాడు. తువ్వాలు మెడలో వేసుకొని భార్య చెప్పిందంతా విన్నాడు.

"నువ్వు బొట్టు పెట్టేదానివా, జడ్జి మేడమ్‌వా?" అన్నాడు. "పోయిన, తాళమేసి ఉండె అని చెప్పరాదు."

"తాళముంటే తాళానికి బొట్టు పెట్టి రావాలె. గది గూడ తెల్వదా నీకు?"

"రిక్షా దొరకలేదను."

"ఎన్నడు రిక్షా ఎక్కించినవ్ నన్ను?"

మరాఠీ బడిలో తొమ్మిది చదువుతున్న కూతురు కాజల్ జడ వేసుకుంటూ కల్పించుకుంది. "అమ్మా, త్యాత్ కాయ్ ఎవ్ఢం? అండ్ల ఏమున్నది గంత? పెండ్లయింది, కోడలొచ్చింది. పెట్టేసి రా నా!"

"రేపు నీ లగ్గానికి నేను ఇల్లిల్లు తిరిగి చెప్తే, ఎవరొస్తరే మనింటికి?"

అన్నాక సత్తెమ్మ ఆగిపోయింది. ఆ మాట తన కడుపులో ఎప్పటి నుంచి ఉందో ఆమెకు తెలియదు. కాజల్ జడ సగంలో వదిలేసి తల్లిని చూసింది. గాలయ్య గోడకు తిరిగి పడుకున్నాడు.

ఊరి చివరి టెంఘర్‌లో నాలుగిండ్లకు పిలుపు చెప్పేసరికి మధ్యాహ్నమైంది. ఇక తిరిగిపోవచ్చు. సత్తెమ్మ సందు చివరి దాకా వచ్చి, అటు తిరగాలో ఇటు తిరగాలో అని చెవి పెట్టి వింటోంది. అప్పుడే కరెంటు పోయింది.

సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. కురుస్తున్న వాన చుక్కలు నేలకు జానెడు ఎత్తులో నిలిచిపోయినట్టయింది. ఆ నిశ్శబ్దంలో ఆమెకు ఊరు కనిపించలేదు. అన్ని గోడలూ ఒక్కలాగే ఉన్నాయి, అన్ని తలుపులకూ అదే నీలం రంగు. ఏ వైపు నుంచి వచ్చిందో కూడా గుర్తు రాలేదు. చేతిలో భరిణెతో, తప్పిపోయిన పిల్లలా సందు నడుమ నిలబడింది.

పంఖా ఆగడంతో ఉక్కపోసి కాబోలు, ఒక తలుపు తెరుచుకొని ఒక పిల్ల కొంగుతో విసురుకుంటూ బయటికొచ్చింది. సత్తెమ్మ చీరకట్టునూ పుస్తెలనూ పైకీ కిందికీ చూసింది. ముఖం విప్పారింది.

"ఆయీంచ్యా సమాజాతల్యా మావశీ నా? యా నా, ఆత్ యా." అత్తవాళ్ల కులపు పిన్ని కదా, లోపలికి రా అని మరాఠీలో పిలిచింది. తర్వాత గుర్తు తెచ్చుకొని, కొత్త తెలుగు తీసింది. "లోపల రాండి. కూసోండి."

లోపల గోడ మీద దండ వేసిన నాగయ్య ఫొటో. అప్పుడు తెలిసింది సత్తెమ్మకు, తను ఏ గడప దాటిందో. ఐలవ్వ నూలు కండెలు చుట్టే పనికి పోయింది, సాయంత్రానికి గాని రాదు అని పిల్ల సగం మరాఠీలో, సగం చేతులతో చెప్పింది. చెంబుతో నీళ్లు ఇచ్చింది. చెంబు ఖాళీ అయ్యాక గాని, తాగానని సత్తెమ్మకు తోచలేదు.

ఇక దాచుకోలేక హిందీలో అడిగేసింది. "మీరు ఎవరమ్మా? ఏ కులం?"

పిల్ల ఏమీ తడబడలేదు. ఇంటి నంబరు చెప్పినట్టు ఒక పేరు చెప్పింది.

సత్తెమ్మ ఆ పేరు ఎన్నడూ వినలేదు. వెనకటి ఊళ్లో కులం పేరు చెవిన పడగానే కాళ్లు వాటంతటవే ఒక అడుగు ముందుకో వెనక్కో పడేవి. ఈ పేరుకు కాళ్లు కదలలేదు. ఇది పైదో, కిందిదో, పక్కదో. నిచ్చెన ఉంది గాని మెట్లు వేరే ఎవరో వేసినట్టుంది. ఏడు నెలలుగా ఊరంతా తెలుసుకోవాలనుకున్నది ఇప్పుడు తన ఒక్కదానికే తెలుసు, తెలిసీ ఏమీ తెలియలేదు.

ఆమె ఒళ్లోని భరిణెను పిల్ల చూసింది. "హళదీ కుంకూ!" అని లేచి లోపలికి పోయి చిన్న పళ్లెం తెచ్చింది. ఇంటికొచ్చిన ముత్తైదువను ఉత్త నుదుటితో పంపకూడదని వాళ్ల ఆచారం. సత్తెమ్మ వద్దనేలోపే ఉంగరపు వేలితో ముందు పసుపు, దాని కింద కుంకుమ పెట్టింది. పెట్టి, తన నుదురు ముందుకు వంచి, కళ్లు మూసుకొని నిలబడింది. పెట్టినవాళ్లకు తిరిగి పెట్టాలి, అదీ ఆచారమే. సత్తెమ్మకు ఆ ఆచారం తెలియదు. వంగిన నుదురు మాత్రం తెలుసు. ఎనిమిదేండ్లుగా ఆమె వేలు వంగిన నుదురు ముందు ఆగింది లేదు.

వేలు ముందుకు పోయింది. వేలు వెంట మాటలు కూడా పోయాయి.

"దత్తాత్రి సేఠ్ బిడ్డ లగ్గం. శుక్రవారం పొద్దు పదకొండున్నరకు. ఇంటిల్లిపాది రావాలె."

"శుక్రవార్" అంది పిల్ల, కళ్లు తెరిచి.

కరెంటు వచ్చింది. సాంచాలు మళ్లీ కురవడం మొదలుపెట్టాయి. తను బొట్టు పెట్టిందా, పెట్టించుకుందా, ఏది ముందు జరిగిందో అని ఆలోచించుకుంటూ సత్తెమ్మ శాంతి నగర్ దాకా నడిచింది. ఆ ఆలోచనలో నుదురు తుడుచుకోవడం మరిచింది.

శాంతి నగర్‌లో ఆగమ్మ బొట్టు పెట్టించుకుంటూ కళ్లు చికిలించింది. "ఏందే సత్తెమ్మా, నుదుట్ల పసుపేంది? మరాఠీదానివైనవా?"

"టెంఘర్ల పెట్టిన్రు."

"టెంఘర్ల ఎవరు?"

అబద్ధం ఆడే తీరిక దొరకలేదు. "ఐలవ్వక్క కోడలు."

ఆగమ్మ కొంగు సర్దుకుంది. "ఓహో. కలుపుకున్నరన్నట్టు. సంఘపోళ్లు మాకొక మాట చెప్పద్దా?"

సాయంత్రం పంపుల దగ్గర నీళ్లతో పాటే ఆ మాట కూడా బిందెల్లో నిండి ఇండ్లకు పోయింది. పర్శరాములు విని, దత్తాత్రి సేఠ్ ఒప్పుకున్నాడు కాబోలు, పెద్దవాణ్ణి నన్నడగకుండా అని నొచ్చుకున్నాడు. దత్తాత్రి ఇంట్లో విని, సంఘం తీర్మానించింది కాబోలు, పెండ్లివాళ్లను మమ్మల్ని అడగకుండా అని నొచ్చుకున్నారు. నాకు తెలియదు అని ఒప్పుకోవడం ఇద్దరికీ నామోషీ. అందుకని ఎవరూ ఎవర్నీ అడగలేదు. సత్తెమ్మ మాత్రం మూడు రోజులు ఐలవ్వ నుంచి ఏదైనా కబురు వస్తుందని చూసింది. రాలేదు.

శుక్రవారం హాలు గేటు దగ్గరే నిలబడింది. ఐలవ్వ వస్తే ఏం మాట్లాడాలో రెండు రకాలుగా అనుకొని పెట్టుకుంది. పదకొండు దాటాక ఆటో దిగింది ప్రగతి ఒక్కతే. ఆకుపచ్చ చీర, మోచేతుల దాకా గాజులు. జనాన్ని చూసి బెదిరి, సత్తెమ్మను చూసి, "మావశీ!" అని అందరికీ వినబడేలా పిలిచింది.

"అత్త ఏది?"

"ఆయీ నాహీ యేణార్." రాదని చెప్పి, బట్టీపట్టిన పాఠంలా తెలుగులో అప్పజెప్పింది. "'బొట్టు నీకు పెట్టిన్రు, నువ్వే పో' అన్నది."

సత్తెమ్మ ఆ మాటను లోలోపల తిప్పి తిప్పి చూసింది. అది కోపమా, గర్వమా? ఏడు నెలలు రాని చెల్లెకు పెట్టిన చురకా? లేక ఇంటి పెద్దరికం కోడలి చేతికిచ్చిన తీరా? ఐలవ్వ నవ్వుతూ అన్నదో ఏడుస్తూ అన్నదో అడుగుదామంటే, ఆ పిల్లకు తెలుగులో ఆ తేడా ఇంకా తెలియదు.

పిలుపులు చెప్పినవాళ్లు ఆఖరి బంతిలో తినాలి. అయినా సత్తెమ్మ విస్తరి లేకుండానే ప్రగతి పక్కన కూర్చుంది. పిల్లకు అటుపక్క విస్తరి ముందు ఎవరూ కూర్చోలేదు. వడ్డించేవాళ్ల వెనక నుంచి లక్ష్మీదేవి పళ్లెం పట్టుకొని వస్తోంది. పెండ్లికొచ్చిన ప్రతి ముత్తైదువకు బొట్టు, ఒళ్లో రవికగుడ్డ. ప్రగతి దగ్గరికి వచ్చి ఆగింది.

"ఈమెకెవరు చెప్పిన్రు?"

బంతిలో నమలడం ఆగింది.

"నేనే చెప్పిన వదినే."

"ఎవరు చెప్పుమన్నరు?"

పప్పు బకెట్టుతో పర్శరాములు అక్కడే ఉన్నాడు. సంఘం చెప్పమంది అంటే లక్ష్మీదేవి నమ్మేది. మీరే చెప్పారంటే పర్శరాములు నమ్మేవాడు. రెండూ సత్తెమ్మ నాలుక చివరిదాకా వచ్చాయి.

"ఎవరు చెప్పుమనలే. వద్దని గూడ ఎవరనలే. అందరు నీకు తెల్వదా అన్నరు. నాకు తెల్వలే వదినే. ఇప్పటికి గూడ తెల్వది."

"అంటే సేఠ్ చెప్పలేదా?" అన్నాడు పర్శరాములు.

"సంఘం చెప్పలేదా?" అంది లక్ష్మీదేవి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. దూరంగా ఎవరో కిసుక్కుమన్నారు. ప్రగతికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. పళ్లెం చూసి, తన వంతు వచ్చిందనుకొని తల వంచింది.

లక్ష్మీదేవి వేలు గాలిలో నిలిచింది. మైకులో మంగళవాద్యం మోగుతోంది. కూతురి పెండ్లినాడు, వంగిన ముత్తైదువ నుదుటిని ఉత్తగా వదిలేస్తే ఆ కీడు ఎవరికి? ఆమె పెదవులు బిగించి బొట్టు పెట్టింది. చుక్క కాస్త పక్కకు పడింది. రవికగుడ్డ ఒళ్లో వేసి, సత్తెమ్మ వైపు చూడకుండా సాగిపోయింది.

తిన్నాక ప్రగతిని ఆటో దాకా తీసుకుపోయింది సత్తెమ్మ. అందరూ నన్నెందుకు అలా చూశారు మావశీ అని పిల్ల మరాఠీలో అడిగింది.

"కొత్త కోడలివి గదా" అంది సత్తెమ్మ. పిల్ల ఆ జవాబుకు సంతోషపడింది. ఆటో పోయాక, తను చెప్పింది అబద్ధమో నిజమో తేల్చుకోలేక ఆమె కాసేపు ఎండలో నిలబడింది.

గేటు దగ్గర పర్శరాములు ఆపాడు. "సత్తెమ్మా, ఆదివారం సంఘం కూసుంటది. నిన్ను రమ్మన్నరు."

"ఎవరు రమ్మన్నరు పెద్దబాపూ?"

"అందరు."

"అందరంటే ఎవరెవరు?"

ఆయన మెడ గోక్కున్నాడు. "నీకు తెల్వదా?"

"పిలుపంటే గట్ల కాదు" అంది సత్తెమ్మ. "ఎవరింటి పిలుపో చెప్పాలె. ఏ పొద్దుకో చెప్పాలె. ఇంటికొచ్చి బొట్టు పెట్టాలె. గప్పుడొస్త."

అన్నాక తనే జడుసుకుంది. పర్శరాములు నవ్వబోయి, నవ్వొచ్చో లేదో తెలియక దగ్గాడు. "మరి నేనేం చెప్పాలె వాళ్లకు?" అన్నాడు. ఆమెను అడిగినట్టు లేదు.

లోపల ఆఖరి బంతి మొదలైంది. సత్తెమ్మ గోడవారగా ఒక విస్తరి ముందు కూర్చుంది. ఎవరో అన్నం వేసి పోయారు. పక్క విస్తరి దగ్గర ఒక చీర అంచు వచ్చి ఆగింది. ఎవరిదో చూడడానికి ఆమె తల ఎత్తలేదు. అంచు ఇటూ అటూ కదిలింది, కూర్చోవాలో ముందుకు పోవాలో తెలియనట్టు. సత్తెమ్మ తన విస్తరిని కాస్త ఇవతలికి జరిపి, చోటు చేసి, అన్నం కలుపుకోసాగింది.